దించని ఫోన్

“ఫోన్లన్నీ దించితేనే ఉంగరాలు. అప్పటిదాకా పెళ్ళికొడుకు చెయ్యి కదలకూడదు.”

ఫోటోగ్రాఫర్ వేదిక ముందు నిలబడి ఈ మాట అనేసరికి హాల్లో రెండు వందల నోళ్ళు మూతపడ్డాయి. పెళ్ళికొడుకు ఉంగరం పట్టుకున్న చేతిని గాల్లోనే ఆపేశాడు. ఆ ఫోటోగ్రాఫర్ అంటే అందరికీ అంత గురి. కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్ళకు వారం వారం పాఠాలు కూడా చెబుతాడు. “కొండలూ సముద్రాలూ తీయడం హాయి. అవి మనకడ్డంగా ఫోన్ ఎత్తవు. పెళ్ళిలో మాత్రం ముందు జనాన్ని అదుపులో పెట్టండి, తర్వాత కెమెరా పట్టండి” అన్నది మొదటి పాఠం.

ఫోన్లు జేబుల్లోకి, చేతిసంచుల్లోకి వెళ్ళిపోయాయి. ముందు వరుసలో ఒకటి మాత్రం ఎత్తింది ఎత్తినట్టే ఉంది. పట్టుకున్నది పెళ్ళికూతురి అమ్మమ్మ.

“మామ్మగారూ, మీకే చెప్పేది.”

“వినబడింది నాయనా. చెవులు బాగానే పనిచేస్తున్నాయి.”

“మరి దించండి.”

“దించను.”

పెళ్ళికూతురి తండ్రి గబగబా వచ్చి అత్తగారి పక్కన వంగాడు. “అత్తయ్యా, ఆయన తీస్తే అన్నీ వస్తాయి. ఆల్బం ముందు మీకే చూపిస్తాను.”

“నీ పెళ్ళికీ ఇలాంటాయనే వచ్చాడు అల్లుడూ. అప్పుడూ ఇదే మాట చెప్పారు. ఆ ఆల్బంలో నేనెక్కడున్నానో చూపించు.”

అల్లుడు ఆలోచించాడు. ఆల్బం మొత్తానికి అత్తగారిది ఒక మోచెయ్యి ఉన్నట్టు గుర్తు. అదైనా ఆవిడదేనని గట్టిగా చెప్పలేడు. వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

పెళ్ళికొడుకు పెదనాన్న గడియారం చూసుకుని విసుక్కున్నాడు. “పెద్దవారు, మీరే ఇలా మొండికేస్తే ఎలాగండీ?”

“ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు మొండికేస్తానండీ? చిన్నప్పుడు మా నాన్న మాట విన్నాను. పెళ్ళయ్యాక మా ఆయన మాట విన్నాను. ఇవాళ కెమెరా ఆయన మాట కూడా వినాలా?”

వెనక వరుసల్లో ఆడవాళ్ళు నవ్వారు. ఒకరిద్దరి చేతులు మళ్ళీ సంచుల వైపు పోయాయి. ఫోటోగ్రాఫర్ అది కనిపెట్టాడు.

“మీ ఒక్కరిని చూసి అందరూ తీస్తారు. ఫోటోలు పాడైతే నా పూచీ లేదు.”

“నీ పూచీ ఎవరడిగారు? నువ్వు పని మీద వచ్చావు, నేను నన్ను పిలిస్తే వచ్చాను. నా మనవరాలి పెళ్ళి ఫోటో, నా చేత్తో తీసింది, ఒక్కటైనా నా దగ్గరుండాలి.”

ఎత్తిన ఫోన్ మాత్రం ఇసుమంతైనా కదలలేదు.

“వదిలెయ్యండి సార్” అంది పెళ్ళికూతురు వేదిక మీది నుంచి. “మా అమ్మమ్మ దించదు. మీరే తప్పుకుంటే పనవుతుంది.”

ఫోటోగ్రాఫర్‌కి తల కొట్టేసినట్టయింది. ఊరందరికీ పాఠాలు చెప్పి ఒక ముసలమ్మ దగ్గర ఓడిపోవడమా అని ఒళ్ళు మండింది. అయినా ఆరితేరినవాడు. ఆ ఫోన్ తన ఫోటోలోకి రాని చోటు చూసుకుని నాలుగడుగులు ముందుకు వేశాడు. అప్పటిదాకా తీసిన కెమెరా పక్కన పెట్టి, భుజాన వేలాడుతున్న ఖరీదైనది అందుకున్నాడు. నిన్నటిదాకా కొండల్లో అతనితో తిరిగిన కెమెరా అది.

“ఊఁ, కానివ్వండి.”

పెళ్ళికొడుకు వేళ్ళలోంచి ఉంగరం జారింది. అది దొర్లుకుంటూ వేదిక అంచుకు పోతుంటే పెళ్ళికూతురు పరుగెత్తి, కాలు అడ్డం పెట్టి ఆపి, వంగి తీసి, తన వేలికి తనే తొడుక్కుని అతని చెయ్యి పట్టుకుంది. అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. హాలంతా పగలబడి నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది. ఫోటోగ్రాఫర్ టకటకా తీస్తూనే ఉన్నాడు. అతని వెనక అమ్మమ్మ ఫోనూ ఆగలేదు.

అంతా అయ్యాక గర్వంగా కెమెరా వెనక తెర చూశాడు. అప్పటిదాకా చూడలేదు. “తెర చూసుకునేవాడు ఎదురుగా జరిగేది పోగొట్టుకుంటాడు” అన్నది రెండో పాఠం.

కెమెరాలో ఫోటోలు పడే కార్డే లేదు. రాత్రి కొండల ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, కార్డు అక్కడే బల్ల మీద వదిలేశాడు. “ఏ రోజువి ఆ రోజే ఎక్కించుకోండి” అన్నది మూడో పాఠం.

ఉంగరం ఇంకోసారి తొడగమంటే తొడుగుతారు. ఆ జారడం, ఆ పరుగు, ఆ ఏడుపు మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తారు? రెండు వందల ఫోన్లున్న హాలు. అన్నిటినీ తనే దింపించాడు. వెళ్ళి అమ్మమ్మ కుర్చీ దగ్గర చతికిలబడ్డాడు.

“మామ్మగారూ, తప్పయింది. నా కెమెరాలో ఒక్కటీ పడలేదు. ఇక మీవే దిక్కు.”

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. దెప్పుతుందని తల వంచుకున్నాడు.

“నీ మాట విని దించుంటే ఏమయ్యేది నాయనా?” అంది అంతే. ఫోన్ అతని చేతిలో పెట్టింది. “కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, నేనూ ఇంకా చూసుకోలేదు. పద్దెనిమిది తీశాను. అన్నీ నీకే ఇస్తాను, తీసుకో.”

రెండు చేతులతో అందుకుని ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. పద్దెనిమిదింటిలోనూ, ఎక్కడా చెయ్యి కదలకుండా, పాఠంలో చూపించదగ్గంత స్పష్టంగా, నిండుగా, అతని వీపే ఉంది.