గీత దాకా

నాలుగోసారి కిందపడ్డాక ఏడో నంబరుకు ఏడుపొచ్చింది.

ఏడో నంబరంటే అమ్మాయి పేరు కాదు, జెర్సీ మీద అంకె. సినిమావాళ్ళకు చిన్న వేషాల వాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకునే తీరిక ఎక్కడిది?

సినిమా ఒక పరుగుల రాణి కథ. ఎప్పుడో నిజంగానే జరిగిన పోటీ. ఆఖరి మలుపులో పక్కనున్న అమ్మాయి కుళ్ళుకొద్దీ రాణికి కాలు అడ్డం పెట్టబోయి, తనే బోర్లా పడుతుంది. రాణి గెలుస్తుంది. జనం పడ్డదాన్ని ఛీకొడతారు.

ఆ పడేదే మన ఏడో నంబరు. ఇన్నాళ్ళూ గుంపులో వీపు చూపించి నెట్టుకొచ్చిన పిల్లకు తెరమీద మొహం కనిపించే మొదటి వేషం ఇది. మట్టిలో పడి, దూసుకుపోతున్న రాణి వైపు విషం కక్కుతూ ఒక్క చూపు చూడాలి. అది కుదిరితే దశ తిరుగుతుంది. కుదరకపోతే మళ్ళీ గుంపే గతి.

సాయంకాలపు ఎండ. మైదానమంతా మిషన్ వదిలిన పల్చని పొగ. అందులో పరుగెడుతుంటే కాళ్ళు నేలకు ఆనుతున్నట్టే ఉండదు. తన ఊపిరి తప్ప ఏదీ వినపడదు. ఇది తన పరుగో, ఎవరైనా కంటున్న కలలో తను పరుగెడుతోందో తెలియనంత హాయి.

ఆ హాయిని చెడగొట్టడానికే అన్నట్టు గ్యాలరీలో ఒక పెద్దావిడ కూర్చుంది.

అద్దెకు తెచ్చిన జనానికి అక్కడ ఒకటే పని. ఈల వినగానే లేచి "ఛీ ఛీ" అనాలి. ఆవిడ మాత్రం ఈల వినపడకముందే, ఏడో నంబరు ఇంకా పడకముందే లేచి నిలబడుతుంది. పడగానే అరుస్తుంది.

"వెళ్ళవే పిచ్చుకా! ఆగకు, వెళ్ళు!"

"కట్!"

డైరెక్టరు నెత్తి కొట్టుకున్నాడు. "మధ్యలో ఈ పిచ్చుకెవరండీ బాబూ?"

జనం ఘొల్లుమన్నారు. జనాన్ని తెచ్చిన ఏజెంటు మెట్లెక్కి పరుగెత్తాడు.

"ఛీ అనమంటే ఏమంటున్నావు పెద్దమ్మా?"

"నోరు రావట్లేదు నాయనా."

"మరెందుకొచ్చావు?"

"చూద్దామని."

మళ్ళీ పొగ. మళ్ళీ పరుగు. మళ్ళీ పిచ్చుక.

పగిలిన మోకాలికే మళ్ళీ దెబ్బ తగిలింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పైగా డైరెక్టరు ఆకాశం వైపు చూసి, "వెలుగు పోతే నీ చూపు లేనట్టేనమ్మాయ్. రాణి గెలుపుతోనే సరిపెట్టేస్తా" అన్నాడు.

ఏడో నంబరుకు ఒళ్ళు మండింది.

"ఆ ముసలావిణ్ణి బయటికి పంపండి సార్. ఆవిడుంటే నావల్ల కాదు!"

పంపేశారు.

ఆవిడ కుడికాలు కొంచెం ఈడుస్తూ మెట్లు దిగింది. గేటు వైపు వెళ్తూ ఏడో నంబరు దగ్గర ఆగింది.

"మోకాలు మండుతోందా తల్లీ?"

"అంతా మీ పుణ్యమే!"

ఆవిడ నవ్వింది. "పడ్డాక అలా పడుకునే ఉండిపోకమ్మా. లేచి గీత దాకా వెళ్ళు. కుంటుకుంటూ అయినా సరే."

"నా కథ పడడంతోనే అయిపోతుంది."

"అలాగా."

జెర్సీ మీద అంకెకు అంటిన మట్టిని ఆవిడ మెల్లగా దులిపింది. పొగలోకి నడిచి వెళ్ళిపోయింది.

ఈసారి చూపు కుదిరింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో గేటు వైపు చూడాలని పిల్లకు తోచనే లేదు.

సినిమా పూర్తయ్యాక అసలు రాణికి చూపించారు. తల నెరిసినా నిటారుగా కూర్చున్న మనిషి. ఏడో నంబరు వెనక వరసలో గుండె చిక్కబట్టుకుని కూర్చుంది.

తెరమీద బంగారు ఎండ. పొగలో కాళ్ళు మెల్లగా, ఎంతో మెల్లగా తేలుతున్నాయి. ఏడో నంబరు పడింది. జనం ఛీకొట్టారు. ఆ గోల అడుగున, నూతిలోంచి వచ్చినట్టు సన్నగా ఒక గొంతు.

"వెళ్ళవే పిచ్చుకా! ఆగకు, వెళ్ళు!"

రాణి దిగ్గున లేచింది. "ఆపండి!"

డైరెక్టరు నాలిక్కరుచుకున్నాడు. "పాత టేకు శబ్దం కలిసిపోయింది మేడమ్. తీయించేస్తాను."

"వద్దు. ఎవరిదా గొంతు?"

"మా మనిషి కాదు మేడమ్" అన్నాడు ఏజెంటు. "గేటు తీసుంటే తనే వచ్చి కూర్చుందట. మళ్ళీ ఎవరికీ కనబడలేదు."

రాణి తెర వైపే చూస్తూ చెప్పింది.

"నన్ను పిచ్చుకా అని పిలిచింది లోకంలో ఒక్కతే. ఇద్దరిదీ ఒకటే హాస్టల్ గది. ఆ మలుపులో దాని కాలు జారింది. నేను ఆగి వెనక్కి తిరిగాను. మట్టిలోంచి ఇలాగే అరిచింది. నేను గెలిచాక, కుంటుకుంటూ గీత దాకా వచ్చింది. అప్పుడు దాన్ని చూసినవాళ్ళే లేరు."

"మరి అడ్డం పెట్టినట్టు రాస్తామంటే సరేనన్నారు కదా మేడమ్? కథకు విలన్ కావాలంటే?" అన్నాడు డైరెక్టరు.

"చూడటానికి అది రాదులే అనుకున్నాను" అంది రాణి.

వెనక వరసలో పిల్ల చెయ్యి తనకు తెలియకుండానే గుండెల మీదికి, ఆ రోజు మట్టి దులిపిన చోటికి వెళ్ళింది. తను తొడుక్కుని మురిసిపోయిన ఆ ఏడో నంబరు, తను గేటు బయటికి పంపించేసిన మనిషిదే.