పక్క సీటు

మిరపకాయల లోడుతో చలికాలంలో ఢిల్లీ దాకా లారీ తోలే శివనాగరాజుకు నడుము పట్టేస్తోంది. అతని మోడల్‌కు సీటు హీటర్లు రావు. అందుకని తుక్కుకు వచ్చిన పై మోడల్ లారీ సీట్లలోంచి హీటర్ ప్యాడ్లు రెండు తెచ్చి, నరసరావుపేటలో ఎలక్ట్రీషియన్ ముబారక్ చేతిలో పెట్టి, లారీని అతని షెడ్డులో వదిలి వెళ్లాడు.

చీకటి పడ్డాక షెడ్డులో ముబారక్ ఒక్కడే మిగిలాడు. ప్యాడ్లు రెండూ సీటు కవర్ల కింద పరిచాడు. డ్రైవర్ సీటుకు వైరు లాగి స్విచ్చి వేస్తే కాసేపటికి వేడెక్కింది. ఇక పక్క సీటు పని చూద్దామని అటు తలుపు తీసి చెయ్యి వేశాడు. వైరు ఇవ్వకముందే అది వెచ్చగా ఉంది.

ఎక్కడో వైర్లు కలిశాయనుకుని బ్యాటరీ కనెక్షన్ పీకేశాడు. డ్రైవర్ సీటు చల్లారింది. ఇది చల్లారలేదు. ప్యాడే బయటికి లాగేశాడు. ప్యాడు చల్లగా ఉంది. సీటు మాత్రం మనిషి కూర్చున్నంత మేర వెచ్చగానే ఉంది.

శివనాగరాజుకు ఫోన్ చేశాడు. "అన్నా, బండిలో నీతో ఎవరన్నా వచ్చారా?"

"ఎవరూ రాలా. ఒక్కణ్ణే తోలుకొచ్చా. ఏంది ముబారక్?"

"ఏం లేదులే అన్నా," అని పెట్టేశాడు.

అప్పుడు సీటు స్ప్రింగు కిర్రుమంది. అణిగి ఉన్న స్పాంజి, కూర్చున్నవాళ్లు లేచినప్పుడు పొంగినట్టు, మెల్లగా పైకి లేచింది. తర్వాత చప్పుడు లేదు.

లేచినవాళ్లు దిగాల్సింది ఈ తలుపులోంచే. పక్కకు తప్పుకుని దారివ్వాలో, తలుపు మూసెయ్యాలో తెలియక ముబారక్ అక్కడే నిలబడిపోయాడు.