ఒంటి మనిషికి అర్ర లేదు

“ఒక్కదానివేనా?” గడపలో నిలబడే అడిగింది భద్రమ్మ.

“ఒక్కదాన్నే బిడ్డా. జాతర అయ్యేదాంక జర జాగా కావాలె,” అంది ముసలమ్మ. చంకలో మూట, చేతిలో కర్ర.

భద్రమ్మకు ఒళ్లు మండింది.

జాతరకొచ్చేవాళ్లకు ఆమె కిరాయికిచ్చే గదికి, గుట్ట జాతర దాటితే ఏడాదంతా మేకలే కిరాయిదార్లు. నయాపైసలు కొత్తగా వచ్చిన ఆ ఏడు, ఎదురింటి ఈదమ్మను ఎలాగైనా మించాలని కాళ్ల కడియాలు కుదువబెట్టి మరీ గూనపెంకులు వేయించింది. బండెడు జనం దిగాల్సిన చోట ఈ ఒంటి ప్రాణమా?

ముసలమ్మ ఆమె ముఖంలోకి తేరిపార చూసింది.

“నీ తల్లిగారిల్లు అమ్రాబాద్ గాదా బిడ్డా?”

కిరాయి తగ్గించుకోవడానికి వరస కలుపుతోందనుకుంది భద్రమ్మ.

“ఏ ఊరైతే నీకెందుకు? ఒంటి మనిషికి అర్ర లేదు. పో!”

ముసలమ్మ వాకిలి దిగింది. ఎదురింటి ఈదమ్మ మూట అందుకుని ఆమెను లోపలికి తీసుకుపోయింది.

“మంచిగైంది. దాని అర్ర గీ ఒంటి ముసల్దానితోనే నిండె,” అని భద్రమ్మ నవ్వుకుంది.

తెల్లారేసరికి ఆ నవ్వు పోయింది.

అమ్రాబాద్ దారిన వచ్చిన బండ్లన్నీ ఈదమ్మ వాకిట్లోనే ఆగాయి. గదులు నిండాయి, కొట్టం నిండింది. చోటు చాలనివాళ్లు వాకిట్లో చాపలు పరుచుకున్నారు. భద్రమ్మ ఇంట్లో పిట్టపురుగు లేదు.

“ఇటు రాండ్రి, పెంకుల ఇల్లు!” అని ఒక బండిని పిలిచింది.

“మా సుక్కవ్వ గాడ దిగింది,” అంటూ బండి అటే తిరిగింది.

భద్రమ్మ కళ్లల్లో నిప్పులు పోసుకుని వీధి దాటింది.

“ఏం మందు వెట్టినవే జనానికి?”

ఈదమ్మ అరుగు వైపు చూపించింది. పుట్టువెంట్రుకలు తీయించడానికి తెచ్చిన పిల్లల్ని తల్లులు ఒక్కొక్కరే ముసలమ్మ ఒడిలో పెడుతున్నారు.

“గా సుక్కవ్వ అమ్రాబాద్ మంత్రసాని. గీ పిల్లలందరి బొడ్డు కోసిన చెయ్యి. ఆమె ఒడిల పెట్టంది గుట్టెక్కరంట.”

“నీ నసీబు మంచిది,” భద్రమ్మ పళ్లు కొరికింది. “నీ ఇంటికే వచ్చింది.”

“నా ఇంటికి రాలేదు భద్రమ్మా, నీ ఇల్లు అడుక్కుంట వచ్చింది. నీ బొడ్డు గూడ ఆమెనే కోసిందంట.”