వయసు అడిగిన ఆవిడ

"ఆ పిల్ల పుట్టింది ఏ తేదీన, బాబూ?"

ప్రాక్టీసు మైదానం కంచె అవతల నిలబడి ఒక పెద్దావిడ అడిగింది.

జట్టు మేనేజరు తాగుతున్న నీళ్ళు పొలమారాయి.

అవి పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల అంతర్జాతీయ అథ్లెటిక్స్ పోటీలు. అక్కడ ఎవరినైనా పేరు అడగొచ్చు, ఊరు అడగొచ్చు. పుట్టిన తేదీ మాత్రం అడగకూడదు. అడిగారంటే ఫిర్యాదు రాయబోతున్నారనే లెక్క.

ఆవిడ చూపిస్తున్నది ట్రిపుల్ జంప్ పిల్లని. జట్టులో అందరూ ఆ అమ్మాయిని మిడత అంటారు. పొద్దున తొలి రౌండులో అందరికన్నా దూరం దూకింది. సాయంత్రం అయిదింటికి ఫైనల్.

"మీకెందుకు?" అన్నాడు మేనేజరు.

"ఆ పిల్లేనో కాదో తేల్చుకోవాలి కదా. ఆ తర్వాత చెప్తాను."

పరాయి దేశంలో తన భాష వినబడిందని సంతోషించాల్సింది పోయి, ఆయనకి అనుమానం రెట్టింపయింది. ఎదుటి జట్టువాళ్ళు ఎంత గట్టివాళ్ళు కాకపోతే ఏరికోరి భాష వచ్చిన మనిషిని పంపుతారు?

అనుమానించడమే ఆయన ఉద్యోగం. మూత తీసిన సీసా కనిపిస్తే నీళ్ళు పారబోయిస్తాడు. పిల్లలకి జలుబు చేస్తే ఆవిరి పట్టిస్తాడు తప్ప బిళ్ళ మింగనివ్వడు. హోటల్లో ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఆ రోజంతా ఆయనకి మనశ్శాంతి ఉండదు.

"వరద రోజున పుట్టానని చెప్పిందట, పేపర్లో చదివాను. వాళ్ళమ్మ పేరేమిటి బాబూ?"

వరద మాట వినగానే, ఎవరైనా విన్నారేమోనని ఆయన అటూ ఇటూ చూశాడు.

నిజానికి మిడత వయసు మీద ఆయనకే నమ్మకం లేదు. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు పిల్లకి నాలుగేళ్ళు వచ్చాక, బడిలో వేసేటప్పుడు తీసుకున్నది. ఆస్పత్రి కాగితం ఏదని అడిగితే వరదలో పోయిందన్నారు. పోతే పోయింది, పిల్ల దూకుతోంది కదా అని ఏడాదిగా నోరు మూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఇప్పుడాయన పరిస్థితి.

ఆవిడ సంచిలోంచి ఎర్ర రిబ్బను కట్టిన నల్ల అట్ట నోటుబుక్కు తీసింది.

వివరాలు రాసుకోవడానికే అనుకున్నాడు. ఆవిడ రిబ్బను ముడి విప్పేలోపే గేటు దగ్గరి గార్డుని పిలిచాడు. ఈవిడ మా పిల్లల్ని వేధిస్తోందని చెప్పి, పాసు తీయించేశాడు. అంతటితో ఆగకుండా తనే వెంట నడిచి గేటు దాటించాడు.

ఆవిడ గొడవ పెట్టుకోలేదు. ఒక చీటీ మీద ఫోన్ నంబరు రాసి ఇచ్చింది.

"తీరిక దొరికినప్పుడు చెయ్యి బాబూ. ఆ పిల్లకి పనికొచ్చే మాటే."

బెదిరింపు కాకపోతే బేరం అనుకున్నాడు. ఆవిడ కళ్ళ ముందే చీటీని నాలుగు ముక్కలు చేసి గేటు పక్కన చెత్తబుట్టలో పడేశాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆ బుట్ట వంక చూసింది.

"పోనీలే. బాగా దూకమన్నానని చెప్పు."

రెండున్నరకి అప్పీళ్ళ కమిటీ నుంచి పిలుపొచ్చింది. ఒక జట్టు మిడత వయసు మీద ఫిర్యాదు చేసింది. నాలుగేళ్ళ తర్వాత తీసుకున్న సర్టిఫికెట్టు చెల్లదని, పుట్టిన రోజున రాసిన కాగితం ఏదైనా నాలుగింటిలోగా చూపించాలని, లేకపోతే ఫైనల్ లేదని అధికారి చెప్పాడు.

ముసలావిడ తను అనుకున్నంత పనీ చేసిందని మేనేజరు పళ్ళు నూరాడు.

మిడత బూట్ల లేసు కట్టుకుంటూ అంతా వింది.

"నాకు పదిహేడే సార్. మీరైనా నమ్ముతారా?"

ఆయన వాచీ చూసుకున్నాడు.

"ముందు మీ అమ్మకి ఫోన్ చేద్దాం."

పిల్లకి జవాబు అర్థమైంది. లేసు కట్టుకోవడం ఆపేసింది.

తల్లి ఫోనులో దొరికేసరికి మూడున్నర దాటింది. ఆస్పత్రి రిజిస్టర్లు నిజంగానే నీళ్ళపాలయ్యాయని ఏడుస్తూ చెప్పింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఒక పుస్తకం ఉంది సార్. పుట్టిన తేదీ, గంట, బరువు అన్నీ అందులో ఎక్కాయి. నా కళ్ళతో చూశాను. కానీ ఆ పుస్తకం ఉన్న మనిషి దేశం దాటిపోయి ఏళ్ళయింది. ఎక్కడుందో తెలీదు."

"ఎలా ఉంటుందమ్మా ఆ పుస్తకం?"

"నల్ల అట్ట. ఎర్ర రిబ్బను."

మేనేజరు ఫోను చెవిన పెట్టుకునే గేటు దగ్గరికి పరిగెత్తాడు.

చెత్తబుట్టలో కొత్త సంచి వేసి ఉంది. అయినా భుజం దాకా చెయ్యి పెట్టి తడిమాడు. ఆవిడ ఎటు వెళ్ళిందని గార్డుని అడిగాడు. ఎవరైనా వస్తారేమోనని ఒంటిగంట దాకా బయట బెంచీ మీద కూర్చుందని, తర్వాత బస్సెక్కిందని చెప్పాడు గార్డు. ఏ బస్సో అతను చూడలేదు.

మేనేజరుకి తన చేతులు తానే నరుక్కోవాలనిపించింది.

నాలుగయింది. లౌడ్‌స్పీకరులో ఫైనల్ పేర్లు చదివారు. పన్నెండు చదవాల్సింది, పదకొండే చదివారు.

సంగతి తెలియని తల్లి ఫోనులో ఇంకా చెబుతూనే ఉంది.

"ఆ రోజు నీళ్ళు మంచాల మీదికొస్తే, గంట కూడా నిండని నా బిడ్డని ఒక చేత్తో, ఆ పుస్తకాన్ని ఇంకో చేత్తో పట్టుకుని మేడెక్కింది సార్, నాకు పురుడు పోసిన నర్సమ్మ."