మిర్చి షెడ్డులో మధ్యాహ్నం

ఆ మే నెలలో గుంటూరులో ఎండ యాభై ఎనిమిది డిగ్రీలు దాటింది. మూడో రోజు ఊరంతా కరెంటు పోయింది. ఇళ్లలో ఉండలేక మూడొందల మంది మిర్చి కోల్డ్ స్టోరేజీలోకి చేరారు.

ఆ షెడ్డు గోడలకూ కప్పుకూ వేడి చొరబడకుండా నురుగు కొట్టింది దీవెనే. గొట్టంలోంచి మజ్జిగలా చిమ్మి, చూస్తుండగానే పూరీలా పొంగి గట్టిపడే నురుగది. ఇప్పుడు చల్లబరిచే యంత్రాలు ఆగిపోయాయి. ఎండకూ ఇంతమందికీ మధ్య తన చేతిపని ఒక్కటే మిగిలింది. ఎక్కడైనా పలచగా కొట్టానేమోనని దీవెన గోడ పొడవునా అరచెయ్యి ఆనిస్తూ నడిచింది.

"వేడి ఆగుద్దంటావా అమ్మాయ్?" అంది బస్తాల మీద కూర్చున్న అత్త ఆరోగ్యమ్మ.

"ఆగాలత్తా."

మూడు గంటలకు బయట రోడ్డు మీద తారు కరిగి పారుతోంది. లోపల ఆరోగ్యమ్మ చేతులు వణకసాగాయి. దీవెన పరుగున వెళ్లి పట్టుకుంది.

"ఏమైందత్తా?"

"ఏం లేదే, చలేస్తంది. దుప్పటేమన్నా ఉందా?"

దీవెన కాపురానికొచ్చిన పదిహేనేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ దుప్పటి అడిగి ఎరగరు. చున్నీ తీసి అత్త భుజాల చుట్టూ కప్పింది. అంతలో బస్తాల అవతల ఇంకెవరో దుప్పటి కావాలని కేకేశారు.