పద్దెనిమిదో రిబ్బను

“దిండుకి కాళ్ళొచ్చి నడిచిపోయిందంటావా?” గుమ్మంలో నిలబడి వీధి చివరికి వినబడేలా మొగుణ్ణి అడిగింది క్వాలే.

“నన్నడుగుతావేంటి? నేనేమైనా దిండ్లకి కాపలా కాస్తున్నానా?” ఒడోయి బూట్ల తాడు బిగిస్తూ విసుక్కున్నాడు.

“రాత్రంతా నీ పాత చొక్కా చుట్టి తల కింద పెట్టుకున్నాను. మెడ పట్టేసింది. మా అమ్మ కుట్టిన బూరుగు దూది దిండది. ఈమధ్య దాని గలీబు ఉతుకుతుంటే రేకు రజను వేళ్ళకి గుచ్చుకుంటోంది. పోనీ, అదెలా వచ్చిందో చెప్పు.”

ఒడోయి గొంతు తగ్గించాడు. “నెమ్మదిగా మాట్లాడవే. వాడొచ్చాడు.”

వాడంటే సెలోమ్. ఐదేళ్ళుగా ఒడోయి దగ్గరే గాలి గొట్టాలు బిగించే పని చేస్తున్నాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఒడోయి కూతురు డెడేకి కూడా అతనంటే ఇష్టం. రెండుసార్లు వచ్చి పిల్లనడిగాడు. రెండుసార్లూ ఒడోయి కాదన్నాడు.

“వాడి నోట్లో నువ్వుగింజ నానదు” అన్నది ఒడోయి అభ్యంతరం. “కిందటేడు నేను నిచ్చెన మీంచి జారితే, సాయంత్రానికల్లా టెమా రేవంతా చెప్పుకున్నారు. అలాంటివాడు అల్లుడైతే మనింటికి తలుపులెందుకు? పీకి అమ్ముకుంటే పోలా?”

సెలోమ్ సైకిలుకి స్టాండు వేస్తూ అడగనే అడిగాడు. “ఏంటమ్మా, దిండు పోయిందా?”

“చూశావా!” అన్నాడు ఒడోయి భార్యతో.

క్వాలే లోపలికెళ్ళి, తువ్వాలు కప్పిన భోజనం బుట్ట తెచ్చి సెలోమ్ చేతికిచ్చింది. “ఇవాళ పని చూడ్డానికి ఇంజనీరమ్మ వస్తోందటగా. మొక్కజొన్న కెంకే ముద్దలు నాలుగు ఎక్కువ పెట్టాను. వంచకు.”

డెడే వచ్చి బుట్టని సైకిలు వెనక తాడుతో కట్టింది. సెలోమ్ ముందు వెళ్ళిపోయాడు.

బస్సులో ఒడోయికి కాలు నిలవలేదు. నిన్న దిండు సంచీలో పెట్టుకున్నట్టే గుర్తు. పెట్టుకున్నాడా?

కొత్త కోకో ఫ్యాక్టరీలో ఎనిమిది నెలలుగా పని. పైకప్పు పొడవునా మనిషి పడుకునేంత వెడల్పున రేకు గొట్టం. దాని చివర, శుభ్రం చేయడానికి పెట్టిన చిన్న తలుపు. ఎండాకాలం మధ్యాహ్నం అంత చల్లటి చోటు టెమా మొత్తంలో ఇంకోటి లేదు. పనిముట్ల సంచీలో దిండు, అన్నాలయ్యాక అరగంట కునుకు. ఆ సంగతి ఎవరికీ తెలియదని ఒడోయి ధీమా.

అతను చేరేసరికే ఇంజనీరమ్మ వచ్చేసింది. చుట్టూ నలభైమంది పనివాళ్ళు. సెలోమ్ గొట్టం ఆ చివర్నుంచి స్పానరుతో నిచ్చెన దిగుతున్నాడు.

“బోల్టులన్నీ ఇంకోసారి చూశాను మేస్త్రీ.”

“నేనూ ఒకసారి ఎక్కి...”

“ఇక ఎవరూ ఎక్కొద్దు” అంది ఇంజనీరమ్మ. “ఫ్యాన్ వేయండి.”

గాలి వచ్చే జాలీలు పద్దెనిమిది. ఒక్కోదానికీ ఒక ఎర్ర రిబ్బను. ఫ్యాన్ గర్జించింది. ఒకటో రిబ్బను లేచింది. రెండోది, ఐదోది, పదకొండోది... పదిహేడోది కూడా లేచి ఆడింది. పద్దెనిమిదోది చచ్చిన బల్లి తోకలా వేలాడుతోంది.

ఇంజనీరమ్మ పెన్ను ఆగింది. “ఇరవై తొమ్మిదేళ్ళ అనుభవమన్నారు మేస్త్రీ. పక్క షెడ్డు పని కూడా మీకే ఇద్దామనుకున్నాం.”

“నేను చూస్తాను” అంటూ ఒడోయి నిచ్చెన పట్టుకున్నాడు. అప్పటికే ఫ్యాన్ ఆపించి సెలోమ్ పైకి పాకేశాడు.

గొట్టంలో మాట గొట్టంలో ఆగదు. సెలోమ్ గొంతు పద్దెనిమిది జాలీల్లోంచీ ఒకేసారి మోగింది. “దొరికింది!”

“ఏంటది?” నలభైమందీ అరిచారు.

ఒడోయి కళ్ళు మూసుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ పేరు. రేపట్నుంచి తనని దిండు మేస్త్రీ అంటారు.

పైన రేకు మీద ఏదో ఈడ్చిన చప్పుడు.

“పక్షి గూడు!”

ఒడోయి కళ్ళు తెరిచాడు.

సెలోమ్ దిగుతుంటే చొక్కా ముందు ఎత్తుగా ఉబ్బి ఉంది. “నెలలు నిండాయేంట్రా?” అన్నాడొకడు. షెడ్డంతా నవ్వులు.

“ముట్టుకోకండ్రా, గుడ్లున్నాయి! చెయ్యి తగిలితే తల్లి మళ్ళీ రాదు. చెట్టుమీద పెట్టొస్తాను” అంటూ పొట్ట పట్టుకుని బయటికి పరుగెత్తాడు.

మళ్ళీ ఫ్యాన్ వేశారు. పద్దెనిమిదో రిబ్బను ఎగిరి గంతేసింది. దాని వెనకాలే బూరుగు దూది పోగొకటి వచ్చి ఇంజనీరమ్మ జుట్టులో వాలింది. చూసింది ఒడోయి ఒక్కడే.

“బాగుంది మేస్త్రీ” అని ఆవిడ సంతకం పెట్టింది.

సాయంత్రం ఒడోయి సంచీ తెరిస్తే దిండు మడిచి ఉంది. సెలోమ్ అటు తిరిగి స్పానర్లు తుడుచుకుంటున్నాడు.

“మంచం వెనకాల పడిందే” అని ఒడోయి ఇంట్లో దిండు చూపించాడు.

“నీ కళ్ళు మంచివి” అంది క్వాలే.

వారమంతా ఒడోయి చెవులు రిక్కించి తిరిగాడు. టీ బడ్డీ దగ్గర, బస్సులో, వెల్డింగువాళ్ళ మధ్య, అంతటా పక్షి గూడు కబుర్లే. దిండు మాట ఎక్కడా లేదు.

ఆదివారం సెలోమ్‌ని భోజనానికి పిలిచాడు. వేపిన చేపలు, మిరపకాయ పచ్చడి, వేడి కెంకే. ఒడోయి చెయ్యి కడుక్కుని గొంతు సవరించుకున్నాడు.

“సెలోమ్, శనివారం మీ పెద్దవాళ్ళని మా తలుపు తట్టమను. పిల్లనిస్తాను.”

డెడే చేతిలో గరిటె జారింది. “నిజంగానా నాన్నా? మరి ఆ నువ్వుగింజ?”

“నానుతుంది. నేను చూశాను” అన్నాడు ఒడోయి గంభీరంగా. “కడుపులో దాచుకోవడం తెలిసినవాడు. ఎలాగని అడక్కండి, అది మా ఇద్దరి మధ్యా ఉండాల్సింది.”

సెలోమ్ తల వంచుకుని కెంకే తుంచుకున్నాడు. క్వాలే నవ్వు ఆపుకుంటూ అన్నిటికన్నా పెద్ద చేపని అతని పళ్ళెంలో వేసింది.

ఫ్యాన్ పరీక్ష రోజు పొద్దున, దిండుని సెలోమ్ చేతికిచ్చిన భోజనం బుట్ట అడుగున పెట్టి పంపింది ఆవిడే.