ఇజ్జా అవ్వ చెప్పగా రాసినది

“రాసుకో. పొద్దెక్కినా లేవదు.”

తూదా చేతిలో కలం ఆగిపోయింది. “అవ్వా, ఇది నా గురించి కాలేజీకి పంపే ఉత్తరం.”

“అయితే? వాళ్ళకు నిజం తెలియొద్దా?” ఇజ్జా అవ్వ గోడకు చేరగిలబడి మోకాళ్ళు రుద్దుకుంటోంది. “రెండోది. రొట్టెలు మాడుస్తుంది. పుస్తకంలో తల దూర్చి పెనం సంగతి మర్చిపోతుంది. రాశావా?”

“రాస్తున్నా.”

“మూడోది. మేకల్ని తోలుకెళ్తే ఒకటి తక్కువతో ఇంటికొస్తుంది.”

“అది ఒక్కసారేగా!”

“పోయిన మేక ఒక్కసారైనా తిరిగొచ్చిందా? రాయి.”

మర్రాకెష్‌లోని ఆ కాలేజీ దేశం మొత్తం మీద అరవై మందినే తీసుకుంటుంది. చదువు, తిండి, పడక అన్నీ ఉచితం. మార్కులతో పాటు ఇంటి పెద్ద ఒకరు పిల్ల గురించి తమ మాటల్లో ఉత్తరం పంపాలి. చదువు రాని పెద్దలైతే ఎవరిచేతనైనా రాయించి వేలిముద్ర వేస్తే చాలు. తూదా అమ్మానాన్నలు అగాదీర్ దగ్గర టమాటా తోటల్లో పనిచేస్తారు. ఇంట్లో పెద్ద అంటే అవ్వే. ఆ సీటు రాకపోతే వచ్చే నెల నుంచి తూదా కూడా ఆ తోటలకే.

తూదా వాళ్ళ కొండ ఊళ్ళో సొంత పిల్లల్ని ఎవరూ పొగడరు. పొగిడితే దిష్టి. జిల్లాలో తూదాకు మొదటి స్థానం వచ్చిందని పక్కింటి రబ్‌హా పరుగున వచ్చి చెప్పిన రోజు, అవ్వ “దీనికా? ఎవరి కాగితమో మారిపోయుంటుంది” అని మూడుసార్లు ఉమ్మింది. మిగతా అవ్వలు దిష్టికి భయపడి అలా అంటారు. తన అవ్వ మాత్రం నిజంగానే అంటోందేమోనని తూదాకు చిన్నప్పటి నుంచీ అనుమానం.

“నాలుగోది,” అంది అవ్వ, “మొండిది. దేనికైనా ఎందుకు, ఎలా అని ప్రాణం తీస్తుంది. ఇక చాలు. నేను మసీదుకెళ్ళాలి.”

సోమవారం, గురువారం మధ్యాహ్నాలు మసీదు పక్కగదిలో ముసలివాళ్ళంతా చేరతారు. అక్కడేం చేస్తారని అడిగితే నడుంనొప్పుల గురించి చెప్పుకుంటామంటుంది అవ్వ. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆమె వేళ్ళకు సుద్దపొడి అంటుకుని ఉంటుంది.

ఆమె వెళ్ళాక తూదా ఆ కాగితాన్ని చింపేసింది. కొత్త కాగితం తీసింది. పరాయి పిల్ల గురించి రాస్తున్నట్టు ఊహించుకుంటే తప్ప చెయ్యి కదల్లేదు. ‘నా మనవరాలు నీళ్ళకు కొండ దిగేటప్పుడు కూడా లెక్కలు వల్లె వేసుకుంటుంది. అర్థం కానిదాన్ని అర్థమయ్యేదాకా వదలదు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ మందుచీటీలు చదివి చెబుతుంది. దీన్ని చదివిస్తే ఊరంతా చదివినట్టే.’ చివరి వాక్యం రాసేటప్పుడు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సాయంత్రం అవ్వకు చదివి వినిపించింది. పొద్దెక్కినా లేవదు, రొట్టెలు మాడుస్తుంది, మేక పోగొట్టింది, మొండిది. కళ్ళు కాగితం మీదే ఉంచి, అందులో లేనివన్నీ చదివింది.

అవ్వ కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పింది. “చాలా పొడుగుందే. నేను ఇంత చెప్పానా?”

“రాస్తే పొడుగవుతుంది, అవ్వా.”

“అవుతుందేమోలే.” కెటిల్ అడుగున మసి మీద బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. తర్వాత దాన్ని మడిచి తన బట్టల పెట్టెలో పెట్టేసింది. “బయట పెడితే ఎలుకలు కొరుకుతాయి. పొద్దున నేనే కవరు అంటించి మీ మోహా మామకిస్తా. నువ్వైతే దారిలోనే పోగొడతావు.”

నెల తిరక్కుండానే ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మోహా మామ తన వ్యానులో తూదాను మర్రాకెష్ తీసుకెళ్ళి గుమ్మం దగ్గర దింపాడు. “గొంతు కాస్త పెద్దది చేసుకోవే. నీ మాట నీకే వినపడదు,” అన్నాడు.

లోపల బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. లెక్కల ప్రశ్నలకు తూదా తడుముకోకుండా జవాబులు చెప్పింది. చివర్లో, మధ్యలో కూర్చున్న కళ్ళద్దాల మేడమ్ ఫైలులోంచి ఉత్తరం బయటకు తీసింది.

“ఇది నీ చేతిరాతేనా?”

“అవునండీ. అవ్వకు చదువు రాదు.”

“ఇందులో ప్రతి మాటా ఆవిడ చెప్పిందేనా?”

తలూపితే చాలు, సీటు వచ్చినట్టే. తూదాకు మెడ కదల్లేదు.

“కాదండీ,” అంది. “ఒక్క మాట కూడా ఆవిడది కాదు.”

“మరి ఆవిడేం చెప్పింది?”

తూదా చెప్పింది. మేక దగ్గరకొచ్చేసరికి కుడివైపు కూర్చున్న మాస్టారు ఆపుకోలేక నవ్వేశాడు. మేడమ్ నవ్వలేదు.

“అయితే నువ్వు రాసినవి అబద్ధాలా?”

“నేను చేసేవేనండీ. కానీ అవ్వ నా గురించి అలా అనుకోదు.” కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “సీటు ఇవ్వకపోయినా ఫర్వాలేదు. అవ్వ మాత్రం మోసం చేయలేదండీ. నేను వేరేవి చదివి వినిపిస్తే నమ్మి వేలిముద్ర వేసింది.”

మేడమ్ పక్కవాళ్ళ వైపు చూసింది. ఇద్దరూ తలూపారు.

“నువ్వు ఒప్పుకుంటావా లేదా అన్నది ఒక్కటే మాకు తేలాల్సింది. సెప్టెంబరులో వచ్చేటప్పుడు మందపాటి దుప్పటి తెచ్చుకో. హాస్టల్లో చలెక్కువ.”

తూదాకు వెంటనే అర్థం కాలేదు. “మరి... ఉత్తరం?”

“ఇది పంపేముందు నువ్వు మళ్ళీ చూడలేదు కదూ?” అంటూ మేడమ్ కాగితాన్ని ఆమె వైపు జరిపింది.

మసి వేలిముద్ర కింద ఒకటో తరగతి పిల్లలు రాసినట్టు వంకర టింకర అక్షరాలతో, తూదా రాయని వాక్యం ఒకటుంది.

‘నేను చెప్పింది ఇది కాదు, కానీ ఇదే నిజం.’